మెస్సీ మ్యాచ్‌కు లైవ్ ఉంది.. మరి సింగరేణి ఏరియా జట్ల స్కోరు ఎక్కడ చూడాలి?

గోదావరిఖని: 2025 డిసెంబర్ 13న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియం ఎలా ఊగిపోయిందో టీవీల్లో అందరూ చూశారు. మెస్సీ వచ్చాడు, సీఎం రేవంత్ రెడ్డి బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగారు. సీఎం జట్టు పేరు సింగరేణి ఆర్ఆర్9. ఆ పేరు మీద రాజకీయం కూడా గట్టిగానే నడిచింది. బొగ్గు కంపెనీకి ఫుట్‌బాల్ షోతో పనేంటని ప్రతిపక్షాలు ప్రశ్నిస్తే, అధికార పక్షం తన వాదన తాను చెప్పుకుంది. ఆ లొల్లి ఇంకా పూర్తిగా ఆగలేదు.

కానీ ఆ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. సింగరేణి పేరుతో ఏటా ఆడే జట్లు ఆ ఒక్కటే కాదు కదా? రామగుండం-1, రామగుండం-2, శ్రీరాంపూర్, మందమర్రి అంటూ ఏరియా పేరు బనియన్ మీద వేసుకుని ఆడే కార్మికుల జట్లు ఉన్నాయి. వాళ్లకూ అభిమానులున్నారు. ఆ అభిమాని తన జట్టు మ్యాచ్ ఎప్పుడుందో, నిన్న ఏమైందో, ఈ ఏడాది ఎన్ని గెలిచిందో తెలుసుకోవాలంటే ఎక్కడ చూడాలి?

చాలాసార్లు జవాబు ఒక్కటే. మస్టర్ దగ్గర నోటీసు బోర్డు, లేదంటే ఎవరో దాన్ని ఫోటో తీసి పెట్టిన వాట్సాప్ గ్రూపు.

అసలు ఈ ఆటలు ఎలా నడుస్తాయంటే..

బయటివాళ్లకు ఈ వ్యవస్థ పెద్దగా తెలియదు. సింగరేణిలో కార్మికుల క్రీడలు చూసుకునేది వర్క్ పర్సన్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్. అందరూ డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అంటారు. ముందు గనులు, డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చినవాళ్లతో ఏరియా స్థాయి పోటీలు. అక్కడ ఎంపికైనవాళ్లు ఏరియా జట్టుగా కంపెనీ స్థాయికి వెళ్తారు. కంపెనీ స్థాయిలో మెరిస్తే సింగరేణి జట్టులో చోటు దొరుకుతుంది. ఆ జట్టు కోల్ ఇండియా స్థాయి పోటీల్లో నాగ్‌పూర్ డబ్ల్యూసీఎల్, బిలాస్‌పూర్ ఎస్ఈసీఎల్, ధన్‌బాద్ బీసీసీఎల్ లాంటి కంపెనీల జట్లతో తలపడుతుంది. అంటే సర్ఫేస్‌లో ఫిట్టర్‌గా పనిచేసే మనిషి, అన్నీ కలిసొస్తే, దేశంలోని బొగ్గు కంపెనీలన్నిటి మధ్య జరిగే పోటీలో ఆడొచ్చు. చిన్న విషయం కాదిది.

వాలీబాల్, కబడ్డీ, ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్, అథ్లెటిక్స్.. జాబితా పెద్దదే. బాస్కెట్‌బాల్ కూడా అందులో ఉంది. బాస్కెట్‌బాల్ ఇక్కడ పెద్ద ఆట అని చెబితే అబద్ధమే అవుతుంది. కబడ్డీకి వచ్చే జనం దీనికి రారు. అయినా ఈ కథనం ఎక్కువగా బాస్కెట్‌బాల్ గురించే. దానికో కారణముంది. ఒక చిన్న పోటీకి అభిమాని ఎలా పుడతాడు, ఎలా నిలుస్తాడు అనేది జనం ఎగబడే ఆటలో తెలియదు. పాతిక, ముప్పై మంది చూసే ఆటలోనే తెలుస్తుంది.

ఆ పాతిక, ముప్పై మంది ఎవరు? ఒకప్పుడు ఆడి రిటైరైనవాళ్లు కొందరు, కాలనీ పిల్లలు కొందరు, ఆటగాళ్లతో కలిసి అదే షిఫ్టులో పనిచేసే దోస్తులు కొందరు. వీళ్ల అభిమానం టీవీ అభిమానం లాంటిది కాదు. శనివారం చివరి నిమిషంలో ఫ్రీ త్రో మిస్ చేసినాయన సోమవారం మస్టర్ దగ్గర ఎదురవుతాడు. ఎవరి మోకాలు ఎందుకు వాచిందో, ఎవరికి నైట్ షిఫ్ట్ పడితే జట్టు బలం ఎంత తగ్గుతుందో వీళ్లకు తెలుసు. ఐపీఎల్ అభిమానికి ఈ భోగం ఎక్కడిది?

టోర్నమెంట్ ఉంది.. సీజన్ లేదు

అసలు సమస్య ఏంటంటే, ఇక్కడ ఉన్నది టోర్నమెంట్. అన్ని ఏరియాల జట్లూ ఒకచోట చేరతాయి. రెండు మూడు రోజుల్లో మ్యాచ్‌లన్నీ అయిపోతాయి. కప్పు ఇస్తారు, ఫోటో దిగుతారు, బస్సెక్కుతారు. పోటీ కొత్తగూడెంలో పెడితే ఖని అభిమానికి అది వందల కిలోమీటర్ల దూరం. సొంత ఊళ్లో పెడితే అదృష్టం. లేదంటే తన జట్టు ఆడటం చూడకుండానే ఏడాది గడిచిపోతుంది.

కాలేజీల్లోనూ ఇదే తీరు. ఈ ప్రాంతం 2008లో ఏర్పడ్డ శాతవాహన యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది. ఇంటర్ కాలేజ్ పోటీల అసలు ఉద్దేశం యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసి సౌత్ జోన్‌కు పంపడం. ఎంపికకు ఒకటి రెండు రోజులు చాలు. కానీ ఒక కాలేజీకి అభిమాని తయారు కావడానికి ఒకటి రెండు రోజులు చాలవు.

ఇదే ఆట అమెరికాలో చిన్న కాలేజీల్లో ఎలా నడుస్తుందో చూస్తే తేడా అర్థమవుతుంది. ఇక్కడి నుంచి ఎంఎస్‌కు వెళ్లిన పిల్లలకు ఇది కొత్త కాదు. అక్కడ కాలేజీ క్రీడలు మూడు డివిజన్లు. మూడో డివిజన్‌లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. ఆడేవాళ్లు చదువుకోవడానికి వచ్చినవాళ్లే, రేపు ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. ఇలాంటి కాలేజీలు దగ్గర్లో ఉన్నవి ఏడో ఎనిమిదో పదో కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడతాయి. వారాల తరబడి ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడతారు. పాయింట్ల పట్టిక ఉంటుంది. కాన్ఫరెన్స్ గెలిచిన జట్టుకు జాతీయ టోర్నీలో నేరుగా చోటు.

మిషిగన్ రాష్ట్రంలోని ఎంఐఏఏ అనే కాన్ఫరెన్స్ 1888 నాటిది. అంటే ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలవడానికి ఒక ఏడాది ముందే పుట్టింది. అందులో హోప్, కాల్విన్ అని రెండు చిన్న కాలేజీలు. రెంటికీ మధ్య దూరం యాభై కిలోమీటర్ల లోపే, మన ఖని నుంచి బెల్లంపల్లికి పోయినట్టు. 1920 నుంచి ఆ రెండూ బాస్కెట్‌బాల్ ఆడుకుంటున్నాయి. ఆ మ్యాచ్ రోజు హాలు నిండిపోతుంది. చదువైపోయి వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయినవాళ్లు కూడా ఒకచోట చేరి ప్రసారం చూస్తారు. అక్కడి కుర్రాళ్లు కోట్లు సంపాదించే స్టార్లు కారు. కానీ వచ్చే బుధవారం ఎవరితో ఆట, ఓడితే పట్టికలో ఎక్కడికి పడిపోతాం అన్నది అభిమానికి ముందే తెలుసు. అభిమానం నిలిచేది ఆ వచ్చే బుధవారం మీదే.

కబడ్డీ విషయంలో మన దగ్గరా ఇది రుజువైంది. కబడ్డీ ఎప్పటి నుంచో ఉంది. కానీ 2014లో ప్రో కబడ్డీ వచ్చి, తెలుగు టైటాన్స్ అని ఒక పేరు, ఒక షెడ్యూల్, ఒక పట్టిక ఇచ్చాకే ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా రెయిడ్ పాయింట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. బాస్కెట్‌బాల్‌కు అలాంటి ప్రయత్నం 2015లో యూబీఏ లీగ్ పేరుతో జరిగింది, రెండు మూడేళ్లకే ఆగిపోయింది. పైనుంచి పెద్ద లీగ్ దించితే అది నిలవాలంటే కింద అలవాటుపడ్డ అభిమాని ఉండాలి. ఆ అలవాటు కింద నుంచే రావాలి.

పట్టిక చదవడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు

కోల్‌బెల్ట్ జనానికి లెక్కలు పట్టించుకునే ఓపిక లేదనుకుంటే పొరపాటు. 2023 డిసెంబర్ 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. 11 ఏరియాలు. రాత్రంతా లెక్కింపు. ఏ ఏరియాలో ఎవరికి ఎన్ని ఓట్లు, మెజారిటీ ఎంత, ఎవరు ఎవరిని దాటారు.. ఫోన్లలో ఏరియాల వారీ పట్టికలు తెల్లారేదాకా తిరిగాయి. చివరికి ఐఎన్‌టీయూసీ 6 ఏరియాల్లో, ఏఐటీయూసీ 5 ఏరియాల్లో గెలిచాయి. అయితే మొత్తం ఓట్లలో ముందున్న ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది. ఎక్కువ ఏరియాలు గెలిచినా గుర్తింపు రాకపోవడం ఏంటి అన్న చర్చ టీ కొట్ల దగ్గర వారాల పాటు సాగింది. నెట్ రన్‌రేట్ మీద క్రికెట్ అభిమానులు చేసే వాదన కంటే అదేం తక్కువ కాదు.

అంటే ఏరియా అనేది ఇక్కడ కేవలం ఆఫీసు విభజన కాదు, మనిషికి చిరునామా. ఆ చిరునామాలు నెమ్మదిగా కదిలిపోతున్నాయి కూడా. బెల్లంపల్లి ఏరియానే తీసుకోండి. పేరు బెల్లంపల్లి, జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో. గనులు జరిగినకొద్దీ ఏరియా కూడా జరిగింది. అండర్‌గ్రౌండ్ గని మూతపడితే అక్కడి కార్మికులు వేరే గనులకు, కొందరు వేరే ఏరియాలకు బదిలీ. జట్టులో పదేళ్లు కలిసి ఆడినవాళ్లు ఒక్క ఆర్డర్‌తో చెల్లాచెదురు. వాళ్లు ఏం గెలిచారో, ఎవరి మీద గెలిచారో ఒకచోట రాసిపెట్టి లేకపోతే, ఆ జట్టు ఉండేదన్న సంగతి కూడా ఆ తరంతోనే పోతుంది.

యువకులొచ్చారు

సంఖ్యలు చూద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. యంత్రాలు, ఓపెన్‌కాస్టులు, గోల్డెన్ హ్యాండ్‌షేక్.. కారణాలు అందరికీ తెలిసినవే. మధ్యలో చాలాకాలం కొత్త నియామకాలు నామమాత్రం. దాంతో కార్మికుల సగటు వయసు పెరుగుతూ పోయింది. మోకాళ్లు అరిగిన మనిషిని బాస్కెట్‌బాల్ ఆడమంటే ఎలా?

2018 నుంచి కారుణ్య నియామకాలతో ఈ చిత్రం మారింది. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకో కూతురో ఉద్యోగంలో చేరుతున్నారు. వీళ్లలో డిగ్రీ, బీటెక్ చదివినవాళ్లు బాగానే ఉన్నారు. కాలేజీ జట్లలో ఆడి వచ్చి బదిలీ వర్కర్‌గా చేరి బాయిలోకి దిగుతున్నారు. పాతికేళ్ల వయసు, ఆడిన అనుభవం, పక్కనే మైదానం. ఇన్నేళ్లలో ఏరియా జట్లకు ఇంత అనుకూలమైన సమయం రాలేదనే చెప్పాలి. ఇలాంటి కుర్రాళ్లకు ఏడాదికి రెండు రోజుల ఆట ఏ మూలకు?

ఇక కాంట్రాక్టు కార్మికుల సంగతి. ఈ పోటీలను పర్మినెంట్ ఉద్యోగుల వ్యవహారంగానే చూడటం అలవాటైపోయింది. కానీ ఓపెన్‌కాస్టుల్లో మట్టి ఎత్తేది, లారీలు నడిపేది ఎక్కువగా కాంట్రాక్టు వాళ్లే. 2024లో కంపెనీ లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ తలా 5 వేల రూపాయలు ఇచ్చారు. మొత్తం చిన్నదే, కానీ వీళ్లూ మనవాళ్లే అని కంపెనీ ఒప్పుకున్నట్టయింది. బోనస్‌లో ఒప్పుకున్నది ఆటలో ఎందుకు ఒప్పుకోకూడదు? ఒక్కో జట్టులో ఇద్దరికి చోటిచ్చినా మొదలైనట్టే.

నది ఈ ఒడ్డు, ఆ ఒడ్డు

మరి ఏం చేయొచ్చు? 11 ఏరియాలతో ఇంటా బయటా లీగ్ అంటే కుదరదు. మణుగూరు జట్టు గోలేటికి వచ్చి ఆడి పోవాలంటే రెండు రోజులు డ్యూటీ పోతుంది. కానీ మ్యాప్ ఒకసారి చూడండి. గోదావరికి ఈ ఒడ్డున రామగుండం-1, 2, 3. అడ్రియాలను మూడో ఏరియాతో కలిపేసుకోవచ్చు. అవతలి ఒడ్డున శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. రాజీవ్ రహదారి మీద వంతెన దాటితే శ్రీరాంపూర్ వచ్చేసినట్టే. అన్నిటికంటే దూరం గోలేటి, అది కూడా సాయంత్రం పోయి రాత్రికి తిరిగొచ్చే దూరమే.

ఆరు జట్లు. ఒక్కొక్కరు మిగతా ఐదుగురితో సొంత గడ్డ మీద ఒకసారి, వాళ్ల గడ్డ మీద ఒకసారి ఆడితే జట్టుకు 10 మ్యాచ్‌లు, మొత్తం 30. వారానికొకటి చొప్పున పది వారాలు. నవంబర్‌లో మొదలుపెడితే జనవరిలో అయిపోతుంది. అంతకుమించి లాగకూడదు. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఆర్థిక సంవత్సరం టార్గెట్ల హడావుడి, అప్పుడు ఏ మేనేజరూ మనిషిని వదలడు.

మైదానాలకు కొదవలేదు. ఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, యైటింక్లయిన్ కాలనీలో అబ్దుల్ కలాం స్టేడియం, సెంటినరీ కాలనీలో రాణి రుద్రమదేవి స్టేడియం, శ్రీరాంపూర్‌లో ప్రగతి స్టేడియం. బాస్కెట్‌బాల్‌కు కావాల్సింది 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కోర్టు, నాలుగు లైటు స్తంభాలు. ఆట నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి పది నిమిషాలు. విరామాలతో కలిపి గంటన్నరలో ముగుస్తుంది. క్రికెట్‌లా రోజంతా తినేయదు. ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికెళ్లి స్నానం చేసి వచ్చినవాడు, నైట్ షిఫ్ట్ ఎక్కబోయేవాడు ఇద్దరూ సాయంత్రం మ్యాచ్ చూసుకోవచ్చు. సెకండ్ షిఫ్ట్ వాళ్లకే ఇబ్బంది. షిఫ్టు వారం వారం మారుతుంది కాబట్టి పది వారాల్లో ఒక అభిమానికి మూడు నాలుగు మ్యాచ్‌లు పోతాయి. ఆ మూడు నాలుగు రోజుల కోసమే స్కోరు ఫోన్‌లో దొరకాలి.

ఆదివారం పెట్టొచ్చు కదా అంటారేమో. సింగరేణిలో ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు. పేరుకు ఆట రోజు, చేసేది పని, జీతం డబుల్. ఆ డబుల్ మస్టర్ వదులుకుని మ్యాచ్‌కు రమ్మనడం న్యాయం కాదు. ఆటగాడైనా, చూసేవాడైనా ఇంట్లో ఒప్పుకోరు కూడా.

అభ్యంతరాలు లేకపోలేదు. వారం వారం మ్యాచ్ అంటే ఆటగాళ్లకు షిఫ్ట్ సర్దుబాటు కావాలి, దాన్ని గనిలో మిగతావాళ్లు మోయాలి. ఇప్పుడే స్పోర్ట్స్ పేరు చెప్పి డ్యూటీ తప్పించుకుంటారన్న మాట వినిపిస్తుంటుంది, అందులో కొంత నిజం లేదనలేం. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, భూపాలపల్లి వాళ్లు మమ్మల్ని వదిలేశారని అడుగుతారు, అడగాలి కూడా. కొత్తగూడెం వైపు మూడు ఏరియాలు తమలో తాము ఆడుకోవచ్చు. ఇటూ అటూ కాకుండా మధ్యలో ఉన్న భూపాలపల్లికి మాత్రం తేలికైన దారి కనిపించడం లేదు. కంపెనీ స్థాయి టోర్నమెంట్ ఎలాగూ ఉంటుంది. ఈ లీగ్‌లో పైన నిలిచిన జట్లకు అక్కడ సెమీస్‌లో నేరుగా చోటిస్తే ప్రతి బుధవారం ఆటకూ విలువ వస్తుంది.

ఖర్చు? పెద్ద లెక్కే కాదు. కోర్టులకు మరమ్మతు, లైట్లు, రిఫరీల భత్యం, ఇరవై మంది పట్టే ఒక బస్సు. కంపెనీ పేరు జెర్సీ మీద ఉండటానికి ఎంత ఖర్చు పెట్టొచ్చన్న వాదన హైదరాబాద్‌లో ఎలా తేలుతుందో తేలనీ. ఇక్కడ అడుగుతున్నది ఆ స్థాయి డబ్బు కాదు.

అసలు లీగ్ కంటే ముందు, రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. ఉన్న పోటీల షెడ్యూల్, జట్ల పేర్లు, క్వార్టర్ల వారీ స్కోరు కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక పేజీలో పెట్టడం, పాతవి తీసేయకుండా ఉంచడం. బొగ్గు ఉత్పత్తి లెక్క ఏరియాల వారీగా ఏ రోజుకారోజు తీసే కంపెనీకి, ఏడాదికి కొన్ని పదుల మ్యాచ్‌ల లెక్క రాయడం ఎంతసేపు? గుర్తింపు సంఘం, ప్రాతినిధ్య సంఘం రెండూ తమ డిమాండ్ల చిట్టాలో దీన్ని చివరి లైనుగానైనా చేర్చుకోవచ్చు. క్వార్టర్ల కేటాయింపు, మెడికల్ బోర్డు, మారుపేర్ల లాంటి పెద్ద సమస్యల మధ్య ఇది చిన్నదే. ఆ సంగతి అభిమానికీ తెలుసు. అతను అడిగేది తన జట్టు నిన్న ఎంత తేడాతో ఓడిందనే.